మొదటిసారి గేమింగ్ పీసీ బిగిస్తున్నారా? క్యాబినెట్‌లో పెట్టే ముందు బల్ల మీదే ఒకసారి ఆన్ చేయండి

నా మొదటి పీసీ రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి ఒంటిగంటకి చివరి స్క్రూ బిగించాను. కేబుళ్లన్నీ వెనకవైపు నీట్‌గా కట్టి, గాజు డోర్ వేసి, స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాలేదు. అన్నీ ఒకేసారి బిగించేశాను కాబట్టి అనుమానం కూడా అన్నిటి మీదా ఒకేసారి వచ్చింది. ప్రాసెసర్ పోయిందా, బోర్డు పోయిందా, నేనే ఏమైనా కాల్చేశానా అని తెల్లారేదాకా నిద్ర లేదు. పొద్దున్నే మొత్తం విప్పి చూస్తే ఒక ర్యామ్ స్టిక్ ఒక చివర పూర్తిగా దిగలేదు, అంతే. ఆ తర్వాత ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ చాలానే బిగించాను, ప్రతిసారీ ఒకటే పద్ధతి: ప్రాసెసర్, కూలర్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) ఈ నాలుగూ మదర్‌బోర్డుకి బల్ల మీదే కలిపి, స్క్రీన్ మీద బయోస్ (బోర్డు సొంత సెట్టింగుల తెర) కనబడ్డాకే క్యాబినెట్ జోలికి వెళ్లడం. ఇదంతా ఆ పద్ధతి చుట్టూనే రాస్తున్నాను, పార్ట్‌లు ఎంచుకోవడం కూడా దానికి తగ్గట్టే చెప్తాను.

ముందు మానిటర్ సంగతి తేల్చుకోండి

అందరూ ప్రాసెసర్ దగ్గర మొదలుపెడతారు, నేనైతే మానిటర్ దగ్గర మొదలుపెట్టమంటాను. మీ ఇంట్లో ఉన్నది 60 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చేది) అయితే గ్రాఫిక్స్ కార్డు సెకనుకి 200 ఫ్రేములు తీసినా మీ కంటికి చేరేవి 60 మాత్రమే. వాలరెంట్ లాంటి పోటీ గేమ్‌లు ఆడేవాళ్లకి 1920 బై 1080 రిజల్యూషన్‌లో 144 హెర్ట్జ్ లేదా అంతకంటే ఎక్కువ ఉన్న మానిటర్ చాలు, వాటికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కూడా అక్కర్లేదు, ప్రాసెసర్ బాగుంటే సరిపోతుంది. పెద్ద పెద్ద కథల గేమ్‌లు, సైబర్‌పంక్ 2077 లాంటివి ఆడాలనుకుంటే 2560 బై 1440 మానిటర్, దానికి తగ్గ కార్డు చూసుకోవాలి. ఈ ఒక్క విషయం తేలితే మిగతా లిస్టులో సగం అదే తేలిపోతుంది.

బడ్జెట్ విషయంలో నేను వాడే లెక్క ఒకటుంది. మానిటర్ కాకుండా మిగతా డబ్బులో 35 నుంచి 40 శాతం గ్రాఫిక్స్ కార్డుకే పక్కన పెడతాను. లైట్లున్న ఫ్యాన్లు, ఖరీదైన మదర్‌బోర్డు, నీళ్ల కూలర్ కొని చివరికి కార్డు దగ్గర సర్దుకుపోయేవాళ్లని చాలామందిని చూశాను. గేమ్ ఎలా నడుస్తుందో తేల్చేది ఎక్కువగా ఆ కార్డే.

ఏం కొనాలి

ఒక సెట్ తీసుకుని చెప్తాను, అన్ని కాంబినేషన్లూ రాస్తూ పోతే ఎటూ తేలదు. ప్రాసెసర్ ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7600. ఆరు కోర్లు, 65 వాట్లు, పెట్టెలోనే కూలర్ వస్తుంది. బోర్డు మీద ఇది కూర్చునే ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, కనీసం 2027 దాకా దీనికి కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ చెప్పింది, అంటే మూడేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. ఇంకో పెద్ద కారణం, స్క్రీన్ మీద బొమ్మ చూపించే చిన్న గ్రాఫిక్స్ ఈ ప్రాసెసర్ లోపలే ఉంది. దీని తమ్ముడు 7500ఎఫ్‌లో అది లేదు, ఇంటెల్‌లో కూడా పేరు చివర ఎఫ్ ఉంటే లేనట్టే. గేమ్ ఆడటానికి ఆ చిన్న గ్రాఫిక్స్ పనికిరాదు కానీ, మొదటిసారి బిగించేవాళ్లకి అది ప్రాణం లాంటిది. గ్రాఫిక్స్ కార్డు పెట్టకుండానే బోర్డు బతికి ఉందో లేదో చూసుకోవచ్చు, రేపు కార్డు వారంటీకి వెళ్లినా పీసీ మూలన పడదు. కొంచెం డబ్బు మిగులుతుందని ఎఫ్ వైపు వెళ్లకండి, మొదటి పీసీకి మాత్రం వద్దు.

మదర్‌బోర్డు బీ650 రకం, మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు చాలు. వైఫై కావాలంటే పేరులో వైఫై అని ఉన్నదే తీసుకోండి, తర్వాత విడిగా కొనే డాంగిల్ కంటే అదే నయం. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ఇంకా మంచిది. 7600కి దాని అవసరం రాదు కానీ, 9000 సిరీస్ ప్రాసెసర్ తీసుకుంటే పాత స్టాకు బోర్డు దాన్ని గుర్తుపట్టకపోవచ్చు, అప్పుడు పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేసుకోవడానికి ఆ బటనే దిక్కు.

ర్యామ్ డీడీఆర్5, 16 జీబీ స్టిక్‌లు రెండు, 6000 స్పీడు. ఒకే 32 జీబీ స్టిక్ కాదు, నాలుగు 8 జీబీలు కూడా కాదు. ఏఎం5లో నాలుగు స్లాట్లూ నింపితే స్పీడు తగ్గించుకోవాల్సి వస్తుంది. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి, కాబట్టి పాత వీడియోలో ఎవరో చెప్పిన ధర పట్టుకుని ప్లాన్ వేసుకోకండి, కొనే వారంలోనే చూసుకోండి. మరీ భారమైతే 16 జీబీ సెట్‌తో మొదలుపెట్టొచ్చు, లేదా పాత రకం డీడీఆర్4 ర్యామ్‌తో నడిచే రైజెన్ 5 5600, బీ550 బోర్డు వైపు వెళ్లొచ్చు. అది పాత ప్లాట్‌ఫారమే అయినా గేమ్‌లు బాగానే ఆడుతుంది, కాకపోతే దానిలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు.

గ్రాఫిక్స్ కార్డు ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, కార్డు సొంత మెమరీ 16 జీబీ ఉన్నది. ఇదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతారు, పెట్టె మీద అంకె చూసి కొనండి. కొత్త గేమ్‌లు కొన్ని 1080లో కూడా టెక్స్చర్లు (గేమ్‌లో వస్తువుల మీద కనబడే బొమ్మల నాణ్యత) పూర్తిగా పెంచితే 8 జీబీ దాటిపోతున్నాయి. ఎన్‌విడియా కంపెనీదే కావాలంటే, డబ్బు సరిపోతే 5060 టీఐలో 16 జీబీది. పోటీ గేమ్‌లు మాత్రమే ఆడేవాళ్లకి 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 కూడా ఇబ్బంది పెట్టదు.

స్టోరేజీకి 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (బోర్డు మీదే బిగించే పల్చటి రకం). మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, జెన్4 ఎన్‌వీఎంఈ 7000 దాకా వెళ్తుంది, కానీ గేమ్‌లు లోడ్ అవ్వడంలో అంత తేడా కనబడదు కాబట్టి అన్నిటికంటే ఫాస్ట్‌దే కావాలని పట్టుబట్టాల్సిన పని లేదు.

ఇక ఎస్‌ఎంపీఎస్. ఇక్కడ మాత్రం దయచేసి పీనాసితనం వద్దు. ఈ సెట్ మొత్తం గేమ్ ఆడుతున్నప్పుడు సుమారు 300 వాట్లు లాగుతుంది, 550 చాలు, రేపటి అప్‌గ్రేడ్ కోసం 650 తీసుకోండి. వాట్ల కంటే నాణ్యత ముఖ్యం. పేరులేని కంపెనీ 850 కంటే మంచి కంపెనీ 550 మేలు. మన దగ్గర కరెంటు పోతూ వస్తూ, వోల్టేజీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఆ దెబ్బ ముందు తినేది ఎస్‌ఎంపీఎస్సే. అది చవకదైతే తను ఒక్కటే పోదు, బోర్డునో కార్డునో వెంటబెట్టుకుని పోతుంది. కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్పే 80 ప్లస్ ముద్రలో బ్రాంజ్ కనీసం, గోల్డ్ అయితే మంచిది, వారంటీ ఐదేళ్లకి తక్కువ ఉన్నది నేను కొనను.

క్యాబినెట్‌కి ముందువైపు జాలీ ఉండాలి. ముందంతా గాజు పలక, వెనక రంగురంగుల ఫ్యాన్లు ఉన్న డబ్బా షాపులో అందంగా ఉంటుంది, మే నెలలో లోపల పొయ్యి అవుతుంది. గాలి లోపలికి వచ్చే చోట తీసి కడుక్కునే డస్ట్ ఫిల్టర్ ఉందో లేదో, మీ గ్రాఫిక్స్ కార్డు పొడవు అందులో పడుతుందో లేదో మిల్లీమీటర్లలో చూసుకోండి.

కొనేటప్పుడు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరికీ తెలిసిన చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, హైదరాబాద్ దగ్గర్లో ఉన్నవాళ్లు ఒక పూట అక్కడ తిరిగితే రేట్ల మీద అంచనా వస్తుంది. బెంగళూరులో ఎస్‌పీ రోడ్, చెన్నైలో రిచీ స్ట్రీట్ కూడా అలాంటివే. ఆన్‌లైన్ ధర ఫోన్‌లో తెరిచి పెట్టుకుని నాలుగు షాపులు అడగండి. మీ లిస్టు కాగితం మీద రాసుకుని వెళ్లండి, "ఇది స్టాకు లేదు, దీనికంటే మంచిది ఇస్తా" అంటే అక్కడికక్కడ ఒప్పుకోకుండా బయటికొచ్చి ఆ మోడల్ గురించి చదివి మళ్లీ వెళ్లండి. జీఎస్టీ బిల్లు అడగండి, పార్ట్‌ల మీద అది 18 శాతం. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఆ తగ్గింపు వారంటీతో సహా పోతుంది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీ ఇండియాలోదేనా, సర్వీస్ సెంటర్ ఎక్కడ అని కూడా అడగండి.

ఇంకొకటి, ఐ7 గేమింగ్ పీసీ అని చాలా తక్కువ ధరకి ప్రకటనలు కనబడతాయి. ఏ ఐ7 అని అడగండి. ఎక్కువసార్లు అది 2600నో 3770నో అయ్యుంటుంది, ఒకటి 2011ది, ఇంకోటి 2012ది. పక్కన జీటీ 730 కార్డు, అది 2014ది. వాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పదో తరగతి మార్కులకి బహుమతిగా నాన్న కొనిస్తున్న డబ్బు అలాంటివాటి పాలవుతుంటే నిజంగా బాధేస్తుంది.

బల్ల మీద

పగలు చేయండి, ఒక పూట మొత్తం ఖాళీ పెట్టుకోండి. కావాల్సింది చివర అయస్కాంతం ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, స్క్రూలు పెట్టుకోవడానికి రెండు గిన్నెలు. తివాచీ మీదా మంచం మీదా కూర్చోవద్దు. ప్రతి పార్ట్ పట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ ఉంటే అటు పోతుంది.

మదర్‌బోర్డుని దాని అట్టపెట్టె మీదే పెట్టండి. అది చుట్టి వచ్చిన మెరిసే కవర్ మీద మాత్రం పెట్టి కరెంటు ఇవ్వొద్దు, దాని పైభాగం కరెంటుని పోనిస్తుంది. సాకెట్ పక్కన ఉన్న లీవర్ ఎత్తి, ఇనుప ఫ్రేమ్ తెరవండి. లోపల 1718 సన్నటి పిన్నులున్నాయి, వాటికి వేలు కాదు కదా గుడ్డ కూడా తగలకూడదు, ఒక్కటి వంగినా బోర్డుకి వారంటీ ఇవ్వరు. ప్రాసెసర్ మూల మీద చిన్న త్రిభుజం గుర్తుంటుంది, సాకెట్ మీద కూడా ఉంటుంది, రెండూ ఒకే మూలకి వచ్చేలా పట్టుకుని నిలువుగా వదలండి. నొక్కే పనే లేదు, దానంతటదే కూర్చుంటుంది. తర్వాత ఫ్రేమ్ మూసి లీవర్ దించుతుంటే గట్టిగా ఉంటుంది, కిర్రుమంటుంది, మొదటిసారి అందరికీ టెన్షన్ వస్తుంది, ప్రాసెసర్ సరిగ్గా కూర్చుంటే అది మామూలే. పైనున్న నల్ల ప్లాస్టిక్ మూత అప్పుడు దానంతటదే ఎగిరొస్తుంది. దాన్ని పారేయకండి, బోర్డు ఎప్పుడైనా వారంటీకి పంపాల్సొస్తే అది పెట్టి పంపాలి.

ర్యామ్ రెండు స్టిక్‌లూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాటు, నాలుగో స్లాటు. పక్కపక్కన పెట్టకండి. స్టిక్‌లో ఉన్న నొక్కు స్లాటులో ఉన్న గట్టుకి ఎదురుగా ఉందో చూసి, రెండు చివర్లా బొటనవేళ్లతో నొక్కండి, టక్ మని వినబడాలి. కొన్ని బోర్డులకి ఒకవైపే క్లిప్ ఉంటుంది, అప్పుడు క్లిప్ లేని వైపు కూడా పూర్తిగా దిగిందో లేదో పక్కనుంచి వంగి చూడండి. నన్ను ఒక రాత్రి ఏడిపించింది ఆ వైపే.

ఎస్‌ఎస్‌డీ ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్న స్లాటులో, ఏటవాలుగా దూర్చి కిందికి వంచి బిగించాలి. దాని మీద హీట్‌సింక్ (వేడి లాగే లోహపు పలక) ఉంటే అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర పీకడం మర్చిపోవద్దు.

కూలర్. 7600తో వచ్చేదానికి అడుగున, వేడిని కూలర్‌కి చేరవేసే పేస్ట్ ముందే పూసి ఉంటుంది, మీరు మళ్లీ పూయక్కర్లేదు, వేలితో తాకనూ వద్దు. బోర్డు మీద సాకెట్‌కి అటూ ఇటూ ఉన్న రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పేసి, కూలర్ నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల చొప్పున కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే కూలర్ ఒకవైపు వాలిపోతుంది. విడిగా టవర్ కూలర్ కొన్నవాళ్లు అడుగున ప్లాస్టిక్ పొర తీసేసి, బఠానీ గింజంత పేస్ట్ మధ్యలో పెడితే చాలు. ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నులకి.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండే కేబుళ్లు: 24 పిన్నుల పెద్దది ఒకటి, బోర్డు పై మూలలో ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నులది ఒకటి. ఈ 8 పిన్నులది నాలుగు నాలుగుగా చీలుతుంది, గ్రాఫిక్స్ కార్డుది ఆరు రెండుగా చీలుతుంది, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి చీలిక చూసి గుర్తుపట్టండి. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి ఎట్టి పరిస్థితుల్లో వాడొద్దు, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకి ఒక రకంగా ఉంటుంది, పార్ట్‌లు కాలిపోతాయి.

మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకే పెట్టండి, గ్రాఫిక్స్ కార్డు ఇంకా పెట్టెలోనే ఉంది కదా. ఎస్‌ఎంపీఎస్ స్విచ్ వేయండి. పవర్ బటన్ క్యాబినెట్‌కి ఉంటుంది కాబట్టి ఇక్కడ బటన్ లేదు. బోర్డు కింది అంచున పవర్ స్విచ్ అని రాసి ఉన్న రెండు పిన్నులు మాన్యువల్‌లో చూసి వెతికి, స్క్రూడ్రైవర్ కొనతో ఆ రెండిటినీ ఒక్క క్షణం కలిపి తాకించండి. భయపడకండి, అక్కడుండేది చాలా తక్కువ వోల్టేజీ. ఫ్యాన్ తిరుగుతుంది.

తర్వాత ఏమీ రాదు. ఇక్కడే చాలామంది కంగారుపడి ఆపేసి మళ్లీ మళ్లీ వేస్తారు. ఏఎం5 బోర్డులు మొదటిసారి ర్యామ్‌ని పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి, అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది, మధ్యలో దానంతటదే ఆరి వెలగొచ్చు కూడా. పది నిమిషాలు ఆగండి, కావాలంటే టీ పెట్టుకుని రండి. అప్పటికీ రాకపోతే బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి చాలా మోడళ్లలో, ఏది ఆరకుండా వెలుగుతోందో చూడండి. డీర్యామ్ దగ్గర ఆగితే కరెంటు తీసి ర్యామ్ మళ్లీ నొక్కి పెట్టండి, ఒక్కో స్టిక్‌తో విడివిడిగా చూడండి. సీపీయూ దగ్గర ఆగితే ముందు ఆ 8 పిన్నుల కేబుల్ పూర్తిగా దిగిందో చూడండి. బల్ల మీద ఉన్నవి కొద్ది వస్తువులే, వెతకడానికి పది నిమిషాలు చాలు. ఇదే క్యాబినెట్ లోపల అయితే సగం రోజు.

బయోస్ కనబడ్డాక ప్రాసెసర్ పేరు, ర్యామ్ మొత్తం 32 జీబీ, ఎస్‌ఎస్‌డీ పేరు వచ్చాయేమో చూసి, ప్రాసెసర్ వేడి ఒక ఐదు నిమిషాలు గమనించండి. 40, 50ల్లో నిలబడితే బాగున్నట్టు. చూస్తుండగానే 80 దాటి పైకి పోతుంటే వెంటనే ఆపేయండి, కూలర్ సరిగ్గా ఆనలేదు.

క్యాబినెట్‌లోకి

ఇక మిగిలింది తేలిక. ఎస్‌ఎంపీఎస్ ముందు పెట్టండి, కింద జాలీ ఉంటే దాని ఫ్యాన్ కిందికి చూసేలా. బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని ఎత్తి పట్టే చిన్న కాళ్లు) బోర్డు రంధ్రాలకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయో లెక్కపెట్టండి, రంధ్రం లేని చోట ఒకటి ఎక్కువ ఉంటే తీసేయాలి, లేకపోతే బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది. పై మూల 8 పిన్నుల కేబుల్‌ని బోర్డు పెట్టకముందే వెనకనుంచి పైకి లాగి ఉంచండి, తర్వాత చెయ్యి పట్టదు. స్క్రూలు అన్నీ వదులుగా పెట్టి ఆఖరున బిగించండి, అది కూడా చేతి బలమంతా పెట్టి కాదు.

ముందు ప్యానెల్ సన్న వైర్లు ఓపిక పరీక్షిస్తాయి. మాన్యువల్‌లో ఆ పేజీ ఫోటో తీసి పెద్దది చేసి చూసుకుంటూ పెట్టండి. పవర్ స్విచ్, రీసెట్ ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తాయి, లైట్ల వైర్లకి మాత్రమే ప్లస్ మైనస్ ఉంటుంది. ఫ్యాన్లు ముందువి గాలి లోపలికి, వెనకది బయటికి.

గ్రాఫిక్స్ కార్డు అన్నిటికంటే చివర. పై స్లాటులో టక్ మనేదాకా నొక్కి, స్క్రూ బిగించి, పవర్ కేబుల్ పెట్టి, ఇప్పుడు మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు నుంచి తీసి కార్డుకి మార్చండి. ఇది మర్చిపోతే కొత్త కార్డు ఖాళీగా కూర్చోవచ్చు, గేమ్ మాత్రం లోపలి చిన్న గ్రాఫిక్స్ మీద ఈడ్చుకుంటూ నడవొచ్చు. కార్డు పాడైందని షాపుకి తీసుకెళ్లినవాళ్లలో ఎంతోమందిది ఈ కేబుల్ సమస్యే.

విండోస్ 11 కోసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ముందే వేరే కంప్యూటర్‌లో తయారుచేసి పెట్టుకోండి. ఇన్‌స్టాల్ మధ్యలో ఇంటర్నెట్ అడుగుతుంది, వైఫై డ్రైవర్ అప్పటికి ఉండకపోవచ్చు, లాన్ కేబుల్ గానీ ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్ గానీ వాడండి. డ్రైవర్లు వేశాక మూడు పనులు తప్పకుండా చేయాలి. బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడులో నడిపించే సెట్టింగ్) ఆన్ చేయండి, చేయకపోతే 6000కి డబ్బు పెట్టిన ర్యామ్ 4800 దగ్గరో 5600 దగ్గరో నడుస్తూ ఉంటుంది, ఆన్ చేశాక మళ్లీ కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్ రావొచ్చు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో హెర్ట్జ్ మార్చండి, 144 హెర్ట్జ్ మానిటర్ ఏడాదిపాటు 60లోనే వాడినవాళ్లు నాకు తెలుసు. వాలరెంట్ ఆడేవాళ్లు బయోస్‌లో సెక్యూర్ బూట్, టీపీఎం అనే రెండు భద్రతా సెట్టింగ్‌లు ఆన్‌లో ఉన్నాయో చూసుకోండి, విండోస్ 11లో అవి లేకుండా అది తెరుచుకోదు.

కరెంటు, వేడి, దుమ్ము

క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే చిన్నగా జివ్వుమంటోందంటే మీ ప్లగ్‌కి ఎర్తింగ్ లేదని అర్థం. చాలా పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. "అంతే ఉంటుందిలే" అని వదిలేయకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చేయించండి, పీసీ సంగతి అలా ఉంచి అది మనిషికి ప్రమాదం. కరెంటు తరచూ పోయే ఊరైతే యూపీఎస్ పెట్టుకోండి. మీద రాసే వీఏ అంకె చూసి మోసపోవద్దు, 600 వీఏ అంటే సుమారు 360 వాట్లే, మానిటర్‌తో కలిపి గేమ్ మధ్యలో చేతులెత్తేయొచ్చు, 1000 వీఏది తీసుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ పీసీ రీస్టార్ట్ అవుతుంది.

గదిలో వేడి పది డిగ్రీలు పెరిగితే లోపల పార్ట్‌ల వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది, కాబట్టి డిసెంబరులో 65 చూపించిన కార్డు మే నెలలో 75 చూపిస్తే గాబరా అక్కర్లేదు. 7600కి గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు, అది దాటకుండా తనే వేగం తగ్గించుకుంటుంది. గోడకి ఆనించి పెట్టకండి, బీరువా సందులో అసలు వద్దు. రెండు నెలలకోసారి ఫిల్టర్ కడిగి ఆరబెట్టి పెట్టండి, ఆరు నెలలకోసారి బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి, గాలికి మరీ వేగంగా తిరిగితే బేరింగులు పాడవుతాయి.

అట్టపెట్టెలన్నీ వారంటీ అయ్యేదాకా అటక మీద ఉంచండి, ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డుదీ మదర్‌బోర్డుదీ. బిల్లులు థర్మల్ కాగితం మీద ఉంటే ఏడాదికే అక్షరాలు వెలిసిపోతాయి, కొన్న రోజే సీరియల్ నంబర్ల స్టిక్కర్లతో కలిపి ఫోటో తీసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి.